ఫాక్స్ లెదర్ బాంబర్ జాకెట్ ఎలా వేసుకోవాలి: నడుము పట్టీ దగ్గర మొదలుపెట్టండి

నవంబర్ నడిమికి వచ్చేసరికి హైదరాబాద్‌లో పొద్దున్నే స్కూటీ తీసేవాళ్లకి చలి ముందు మెడ మీద, మణికట్ల దగ్గర తెలుస్తుంది. స్వెటర్ వేసుకుంటే గాలి అల్లికలోంచి దూరుతుంది. షాల్ కప్పుకుంటే ఎగిరిపోతుంది. అప్పుడు గుర్తొస్తుంది, బీరువాలో వేలాడుతున్న ఆ లెదర్‌లాంటి పొట్టి జాకెట్. ఇప్పుడు చాలామంది దగ్గర ఒకటి ఉంటోంది. ముచ్చటపడి కొని, ఒకటి రెండుసార్లు వేసి, "నాకు నప్పలేదు" అని పక్కన పెట్టేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఒక్కరి ఒంటికి కూడా ఈ జాకెట్ నప్పకపోవడం అనేది లేదు. కింది పట్టీ ఆగాల్సిన చోట ఆగలేదు, అంతే.

అందుకే ఈ వ్యాసంలో రంగుల గురించి, ఫ్యాషన్ గురించి తర్వాత చెప్తాను. ముందు ఆ పట్టీ సంగతి చూద్దాం.

ముందుగా జాకెట్‌ని తెలుసుకోండి

నడుము దగ్గర, మణికట్ల దగ్గర, చాలావాటికి మెడ దగ్గర కూడా సాగే అల్లిక పట్టీ ఉండే పొట్టి జాకెట్‌ని బాంబర్ అంటారు. ఆ పట్టీని షాపుల్లో రిబ్ అంటారు. యుద్ధ విమానాలు నడిపేవాళ్ల కోసం పుట్టిన దుస్తు ఇది. 1931లో అమెరికా సైనిక విమాన దళం ఏ-2 అనే తోలు జాకెట్‌ని తమ పైలట్లకి ఖాయం చేసింది. దాని చేతుల చివర, నడుము దగ్గర ఉన్న రిబ్ పని ఒక్కటే, లోపలికి గాలి దూరకుండా ఆపడం. 1943-44లో అదే సైన్యం కోసం విమానాలు నడిపిన వాస్ప్ మహిళా పైలట్లు కూడా ఏ-2 జాకెట్లే వేసుకున్నారు. జెట్ విమానాలు వచ్చాక ఇంకా ఎత్తుకి వెళ్లాల్సి వచ్చింది. తడిసిన తోలు అక్కడ గడ్డకట్టి బిగుసుకుపోయేది, ఇరుకు సీట్లో బరువుగానూ ఉండేది. దాంతో నైలాన్‌కి మారారు. అలా వచ్చింది ఎంఏ-1. తర్వాత దానికి లోపల నారింజ రంగు లైనింగ్ వేశారు. ప్రమాదంలో కిందపడిన పైలట్ జాకెట్‌ని తిరగేసి తొడుక్కుంటే వెతికేవాళ్లకి దూరం నుంచే కనబడాలని.

మనం ఇప్పుడు కొంటున్న ఫాక్స్ లెదర్ బాంబర్‌కి ఏ-2 మెరుపు, ఎంఏ-1 మెడ కలిసొచ్చాయి. ఫాక్స్ లెదర్ అంటే మరేమీ లేదు, మన ఇళ్లలో రెక్సిన్ అంటామే, ఆ కుటుంబమే. ఆటో సీట్లకి వాడేది మందం, జాకెట్‌కి వాడేది పలచన, మెత్తన. కింద ఒక అల్లిక బట్ట, దాని మీద ప్లాస్టిక్ పూత. ఆ పూత పాలీయురిథేన్ అయితే పీయూ అంటారు, లేదంటే పీవీసీ. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దీన్ని కాపాడుకోవడం అంటే ఆ పూతని కాపాడుకోవడమే.

కొనేటప్పుడు చేతులతో చూడండి

లోపలి లేబుల్ చదవండి. పాలీయురిథేన్ అని ఉంటే తీసుకోండి. పీవీసీ అయితే బిరుసుగా ఉంటుంది, ప్లాస్టిక్ వాసన కొడుతుంది, ఒంటికి ఉక్కపోత ఎక్కువ. "వీగన్ లెదర్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా కంగారు పడకండి, లేబుల్ మీద మళ్లీ పీయూ అనే కనిపిస్తుంది చాలాసార్లు. పేరు మారిందని ధర పెంచితే ఇవ్వాల్సిన పని లేదు.

తర్వాత జాకెట్ మోచేతి దగ్గర రెండు వేళ్ల మధ్య నొక్కి మడిచి వదలండి. మంచి పీయూ మీద సన్నటి ముడతలు వచ్చి, చూస్తుండగానే మాయమవుతాయి. మడత పడ్డచోట తెల్లటి గీత మిగిలిపోతే ఆ జాకెట్ ఒక్క చలికాలం కూడా నిలవదు. మెడ మడత, జేబు అంచు, జిప్ పక్క కుట్టు, ఈ మూడు చోట్లా పూత లేచిందేమో వేలితో రుద్ది చూడండి. షాపులో ఏడాదిగా వేలాడుతున్న సరుకైతే అక్కడే బయటపడుతుంది. డిస్కౌంట్‌లో పెట్టిన పాత సరుకుని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈ పూత వాడితేనే కాదు, ఊరికే ఉన్నా వయసు మీద పడుతుంది.

ఇక రిబ్. రెండు చేతులతో పట్టుకుని సాగదీసి వదలండి. టక్కున వెనక్కి రావాలి. వదులుగా, అలలు అలలుగా నిలబడిపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. జిప్‌ని పైకి కిందికి నాలుగుసార్లు లాగండి, లైనింగ్ బట్ట అందులో చిక్కుకుంటోందా అని చూడండి. చంకల కింద కుట్లు లోపలివైపు నుంచి చూస్తే మంచిది.

ఒక మాట దర్జీ గురించి. పీయూ మీద సూది దిగితే ఆ చిల్లు శాశ్వతం. మామూలు బట్టలా కుట్లు విప్పితే కలిసిపోదు. కాబట్టి లూజుగా ఉన్నదాన్ని బిగించుకోవచ్చు గానీ, బిగుతుగా ఉన్నదాన్ని వదులు చేయించడం కుదరదు. రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే పెద్దదే తీసుకోండి.

ఒంటిమీద పట్టీ ఎక్కడ ఆగాలి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. అద్దం ముందు ఐదు నిమిషాలు పెడితే చాలు.

జాకెట్ వేసుకుని జిప్ పెట్టి, చేతులు కిందికి వదిలి నిలబడండి. రిబ్ ఆగడానికి మూడు చోట్లున్నాయి. బొడ్డు దగ్గర, అంటే నడుము సన్నగా ఉండేచోట ఆగితే అది పొట్టి బాంబర్. బొడ్డుకి నాలుగు వేళ్ల కింద, తుంటి ఎముక మీద ఆగితే మామూలు బాంబర్. తొడలు మొదలయ్యేదాకా దిగితే వదులు బాంబర్, ఇప్పటి కాలేజీ పిల్లలు ఇష్టపడేది. ఈ మూడూ బాగుంటాయి. బాగుండనిది ఒక్కటే, పిరుదులు అన్నిటికంటే వెడల్పుగా ఉండేచోట రిబ్ వచ్చి గట్టిగా పట్టేయడం. అక్కడ పట్టీ పట్టిందంటే పైన జాకెట్ బుడగలా ఉబ్బుతుంది, కింద ఒళ్లు ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. "నేను లావుగా కనిపిస్తున్నాను" అని జాకెట్ తీసేసేది ఈ క్షణంలోనే. ఒళ్లు అలాగే ఉంది. పట్టీని నాలుగు వేళ్లు పైకి తోసి, తుంటి ఎముక మీద నిలబెట్టి మళ్లీ అద్దంలో చూడండి. కాళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, భుజాలు సర్దుకుంటాయి. నేను మా చెల్లికి ఇదే చూపించాను, తను కొత్త జాకెట్ కొనే ఆలోచన మానుకుంది.

రిబ్ పైకి తోస్తే నిలబడాలి. జారి మళ్లీ కిందికే వస్తుంటే ఆ సైజు మీకు పొడుగు. పొట్టి రకం చూడండి.

ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తండి, బస్సులో రాడ్ పట్టుకున్నట్టు. పట్టీ కాస్త పైకి లేవడం సహజం, జాకెట్ మొత్తం చంకల్లో బిగుసుకుని భుజాల మీదికి ఎక్కకూడదు. కుర్చీలో కూర్చోండి. జిప్ పెట్టి ఉండగా పొట్ట దగ్గర జాకెట్ గుట్టలా లేస్తే రిబ్ బిగుతు ఎక్కువన్నమాట. స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాచండి. మణికట్టు ఎముక కనబడకూడదు. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఉంటే సరిగ్గా ఉన్నట్టు, ఒక వేలు కిందికి దిగినా ఫర్వాలేదు.

ట్రయల్‌కి వెళ్లేటప్పుడు మీరు రోజూ వేసుకునే కుర్తీతోనే వెళ్లండి. పలచటి టీషర్ట్ మీద సరిపోయింది కదా అని తెచ్చుకుంటే ఇంటికొచ్చాక కుర్తీ చేతులు లోపల పట్టవు.

జీన్స్, ప్యాంట్లతో

ఇది తేలిక కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ప్యాంటు నడుము ఎత్తుగా ఉండాలి, లోపలి టీషర్ట్ ప్యాంటులోకి దోపాలి. జాకెట్ పట్టీ, ప్యాంటు నడుము ఒకదానికొకటి తాకేలా ఉంటే చాలు, మిగతాది అదే కుదురుతుంది. మధ్యలో టీషర్ట్ అంచు జానెడు బయటికి వేలాడితే మాత్రం ఎంత మంచి జాకెట్ అయినా తొందర్లో వేసుకొచ్చినట్టు ఉంటుంది. పైన జాకెట్ ఉబ్బుగా ఉంటుంది కాబట్టి కింద స్ట్రెయిట్ కట్ ప్యాంటు బాగుంటుంది. జాకెట్ పొట్టిదైతే వదులు ప్యాంటు కూడా వేయొచ్చు. లెదర్‌లా మెరిసే జాకెట్ కింద లెదర్‌లా మెరిసే ప్యాంటు వద్దు. ఒక్కటి మెరిస్తే రెండోది మామూలు బట్టగా ఉండాలి.

ఆఫీసుకైతే నల్ల ప్యాంటు, తెల్ల షర్టు, కాఫీ రంగు జాకెట్. మీటింగ్‌కి కూడా వెళ్లొచ్చు.

కుర్తీతో, ఇదే అసలు పని

జాకెట్ ఫొటోలన్నిటిలో జీన్స్, టీషర్టే ఉంటాయి. మనలో ఎంతోమంది రోజూ వేసుకునేది కుర్తీ. అందుకే ఈ జాకెట్ బీరువాలో ఉండిపోతోంది.

మామూలుగా దొరికే కుర్తీ 44, 46 అంగుళాల పొడవు ఉంటుంది, మోకాలు దాటుతుంది. దాని మీద బాంబర్ వేసి జిప్ పెట్టారనుకోండి, రిబ్ వచ్చి కుర్తీని తుంటి దగ్గర పట్టేస్తుంది. పట్టీ కింద బట్టంతా కుచ్చులు కుచ్చులుగా గొడుగులా తెరుచుకుంటుంది. చలికి జిప్ పెట్టాల్సిందే, పెడితే బాగోదు. దీనికి నేను మూడు దారులు పట్టాను.

మొదటిది, పక్కన చీలికలున్న స్ట్రెయిట్ కట్ కుర్తీ, అదీ పలచటి బట్ట. చీలికలు తుంటి దగ్గరే మొదలవుతాయి కాబట్టి రిబ్ పట్టినా ముందు వెనక బట్ట తిన్నగా జారిపోతుంది. జిప్‌ని కింద నుంచి సగం దాకా మాత్రమే పెట్టండి, లేదా పూర్తిగా వదిలేయండి. కుర్తీ మీద నిలువు గీతలో, మధ్యలో బొత్తాల వరుసో ఉంటే తెరిచిన జాకెట్ మధ్య అది చక్కగా కనబడుతుంది.

రెండోది అనార్కలి, లేదా నడుము దగ్గర కుట్టుండి కింద ఘేర్ ఉండే కుర్తీ. దీనికి పొట్టి బాంబరే కావాలి. పట్టీ సరిగ్గా ఘేర్ మొదలయ్యే కుట్టు మీద కూర్చుంటే ఫ్రాక్ మీద జాకెట్ వేసినట్టు ఉంటుంది. జిప్ మొత్తం పెట్టినా ఏమీ కాదు. నా ఉద్దేశంలో బాంబర్‌కి, మన బట్టలకి కుదిరిన అన్నిటికంటే మంచి జత ఇదే. నీలిరంగు కలంకారీ అనార్కలి, నల్లటి పొట్టి బాంబర్, కాళ్లకి మామూలు కొల్హాపురి చెప్పులు వేసుకుని ఒకసారి బయటికి వెళ్లి రండి.

మూడోది పొట్టి కుర్తీ, తొడల మధ్యకి వచ్చేది. జీన్స్ మీదా, పటియాలా మీదా వేసుకోవచ్చు. అంచు పట్టీ కింద జానెడున్నర కనబడితే సరిపోతుంది.

తొడుక్కునేటప్పుడు చిన్న పని. కుర్తీ చేతి అంచుని నాలుగు వేళ్లతో అరచేతిలోకి పట్టుకుని, అప్పుడు జాకెట్ చేతిలో దూర్చండి. మణికట్టు రిబ్ దాటాక వదలండి. ఇలా చేయకపోతే కుర్తీ చెయ్యి మోచేతి దాకా ముడుచుకుపోయి, రోజంతా లోపల ఉండ కట్టి గుచ్చుతుంటుంది. బయటి నుంచి కూడా ఆ ఉబ్బు కనిపిస్తుంది, పైగా పూత ఒకేచోట పదేపదే మడత పడి అక్కడే ముందు పగులుతుంది.

చున్నీని నిలువుగా నాలుగు మడతలు వేసి మెడ చుట్టూ ఒక చుట్టు తిప్పి, రెండు కొసలూ జాకెట్ లోపలికి వదిలి జిప్ పెట్టండి. బండి మీద వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. వెనక చక్రంలో చున్నీ చిక్కుకుని జరిగే ప్రమాదాలు చిన్నవి కావు. చున్నీని లోపలే బిగించి పట్టుకుంటుంది కాబట్టి, ఈ పట్టీ వల్ల నాకు కనిపించిన పెద్ద ఉపయోగాల్లో ఇదొకటి.

చీర మీద

కుదురుతుంది, చీర సరిగ్గా ఎంచుకుంటే.

గంజి పెట్టిన నూలు చీర వద్దు, పట్టీ కింద బిరుసుగా విచ్చుకుంటుంది. పట్టుచీర జరీ అంచు, రాళ్ల పని, అద్దాల పని జాకెట్ పూతని గీరేస్తాయి, అవీ వద్దు. ఒకటి రెండుసార్లు ఉతికి మెత్తబడ్డ మంగళగిరి నూలు, నారాయణపేట, పోచంపల్లి ఇక్కత్ లాంటివి బాగా కూర్చుంటాయి. ఇక్కత్ గళ్లు, గీతలు పెద్దవిగా, గట్టి రంగుల్లో ఉంటాయి కదా, నల్ల జాకెట్ పక్కన అవి ఇంకా నిండుగా కనిపిస్తాయి. సన్న పూల ప్రింటు జార్జెట్ కూడా మంచిదే.

చీర మామూలుగానే కట్టండి, పైట కుచ్చిళ్లు మాత్రం సన్నగా, వరుసగా పెట్టి జాకెట్టుకి, అంటే బ్లౌజుకి, భుజం మీద పిన్నీసు పెట్టండి. కొంగు ఎప్పటికంటే జానెడు పొడుగ్గా వదలండి. అప్పుడు బాంబర్ తొడుక్కోండి, ఎడమ చెయ్యి ముందు. వెనక కొంగు పట్టీ కిందినుంచి బయటికి రావాలి. వచ్చాక దాన్ని ఒకసారి కిందికి లాగి సరిచేయండి, లేకపోతే వీపు మీద ఉండలా మిగిలిపోతుంది. జిప్ పెట్టకండి, ముందు పైట కుచ్చిళ్లు కనబడాలి. బాగా చలిగా ఉంటే కొంగుని కుడి భుజం మీదుగా ముందుకి తెచ్చి మెడ చుట్టూ తిప్పి జాకెట్‌లోకి దోపుకోండి. లంబసింగి, అరకు వైపు డిసెంబర్‌లో తెల్లవారుజామున వెళ్లేవాళ్లకి ఇది పనికొస్తుంది, కానీ అక్కడి చలికి లోపల పలచటి స్వెటర్ కూడా ఉండాలి.

కొంగుని జాకెట్ పైన వేసి ఫొటోలు దిగడం చూస్తుంటాం. ఫొటోకి బాగుంటుంది, నాలుగడుగులు వేస్తే జారిపోతుంది. నున్నటి పూత మీద బట్ట నిలవదు. జారకుండా పిన్నీసు పెట్టారో, ముందే చెప్పాను కదా, ఆ చిల్లు ఇక పూడదు. అక్కడి నుంచే పూత చీలడం మొదలవుతుంది.

రంగు

మొదటి జాకెట్ అయితే నలుపు, లేదా కాఫీ రంగు. రెండోది కొంటే మెరూన్. క్రీమ్, తెలుపు జోలికి వెళ్లాలంటే మాత్రం ఆలోచించండి, మెడ దగ్గర మురికి, జీన్స్ నుంచి అంటుకునే నీలం, రెండూ పోవు.

"చామనఛాయ వాళ్లకి నలుపు నప్పదు" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతోంది. పెళ్లిచూపుల కాలం నుంచి వస్తున్న మాట అది, దాన్ని నమ్మి ఎంతమంది అమ్మాయిలు నచ్చిన బట్ట పక్కన పెట్టారో. నల్లటి బాంబర్ చామనఛాయ మీద ఎంత బాగుంటుందో పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి మీరే చూసుకోండి. షాపులో తెల్లటి లైట్ల కింద నిర్ణయించకండి.

నగలు, జడ, పూలు

జిప్ లోహం రంగు చూడండి. స్టీలు రంగు జిప్ అయితే వెండి లేదా ఆక్సిడైజ్డ్ బుట్టలు, ఇత్తడి రంగు జిప్ అయితే బంగారం. ఈ ఒక్క జత కుదిరితే మిగతావి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నల్లపూసలు, మంగళసూత్రం గొలుసు జిప్ పెట్టే ముందు లోపలికి వేసుకోండి. పొడుగు హారాలు వద్దు, పళ్లలో చిక్కుకుంటాయి. వదిలేసిన జుట్టు కూడా అంతే, మెడ దాకా జిప్ లాగేటప్పుడు ఒక చేత్తో జుట్టు వెనక్కి పట్టుకోండి.

జడ వేసుకునేవాళ్లకి ఒక జాగ్రత్త. తలకి నూనె రాసుకున్న రోజు ఈ జాకెట్ వేసుకోకండి, లేదా మెడ చుట్టూ చున్నీ అడ్డం పెట్టుకోండి. కొబ్బరినూనె మెడ దగ్గరి పూతలోకి, రిబ్ అల్లికలోకి దిగి జిగురుగా తయారవుతుంది. దానికి దుమ్ము పట్టి, తుడిచే కొద్దీ పూత మెత్తబడి ఊడుతుంది. నేను చూసిన పాత జాకెట్లలో ముందు పోయింది మెడే.

బండి మీద వెళ్లేవాళ్లకి

గాలిని ఈ జాకెట్ బాగా ఆపుతుంది. కిందపడితే మాత్రం కాపాడదు. రైడింగ్ జాకెట్లలో మోచేతులకి, భుజాలకి గట్టి ప్యాడ్లుంటాయి, బట్ట రోడ్డు రాపిడికి ఓర్చుకునేలా ఉంటుంది. ఫాక్స్ లెదర్ ఆ రాపిడికి చిరిగిపోతుంది. ఊళ్లో నెమ్మదిగా వెళ్లడానికి సరే, హైవే మీద దూరం వెళ్లేటప్పుడు రైడింగ్ జాకెట్టే వేసుకోండి. హెల్మెట్ ఎలాగూ ఉండాలి.

లోపల ఎప్పుడూ నూలు బట్టే ఉండాలి. ఈ పూతలోంచి గాలి ఆడదు కాబట్టి చెమట లోపలే నిలుస్తుంది. పది గంటలకి ఎండెక్కగానే తీసేసి, చేతిమీద మడిచి కాకుండా కుర్చీ వీపుకి తొడిగి పెట్టండి.

కాపాడుకోవడం

నా మొదటి బాంబర్ కాఫీ రంగుది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్నాను. మార్చిలో కాకినాడ వెళ్లినప్పుడు, దుమ్ము పట్టకూడదని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి అమ్మ బీరువాలో దాచాను. మళ్లీ నవంబర్‌లో తీశాను. కవర్ విప్పగానే అడుగున కాఫీ రంగు పొట్టు కనిపించింది. భుజాన్ని బొటనవేలితో తాకితే పూత పాము కుబుసంలా చుట్టుకుంటూ లేచొచ్చింది, కింద తెల్లటి అల్లిక బట్ట బయటపడింది. అప్పటికి దాన్ని ఆరేడుసార్ల కంటే ఎక్కువ వేసుకోలేదు. ఎంత బాధేసిందో చెప్పలేను.

తర్వాత తెలుసుకున్నాను. పీయూకి పెద్ద శత్రువు గాలిలోని తేమ. నీటి ఆవిరి ఆ పూతలోని బంధాలని మెల్లగా తెంచుతుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో తేమ ఏడాదంతా ఎక్కువే. మూతి కట్టిన ప్లాస్టిక్ కవర్ లోపలికెళ్లిన తేమని అక్కడే పట్టి ఉంచుతుంది. మంచి ఉద్దేశంతో నేను చేసిన పనే దాన్ని పాడుచేసింది. మీ జాకెట్‌కి అలా జరగకూడదనే ఇంత చెప్తున్నాను.

వాడిన ప్రతిసారీ ఇంటికి రాగానే లోపలివైపు బయటికి తిరగేసి, ఫ్యాన్ కింద అరగంట వేలాడదీయండి. చెమట ఆరాక లోపల పెట్టండి. వారం పది రోజులకోసారి మెత్తటి నూలు గుడ్డని నీళ్లలో తడిపి బాగా పిండి, పైన తుడవండి. మరక ఉంటే అరమగ్గు నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి దాంతో తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దండి. మణికట్టు రిబ్ మురికైతే ఆ పట్టీని మాత్రమే చేత్తో నురగ పెట్టి కడగొచ్చు, రెక్సిన్ భాగం తడవకుండా పట్టుకుని.

వాషింగ్ మెషీన్‌లో వేయకండి. ఎండలో ఆరేయకండి. ఇస్త్రీ పెట్టె దగ్గరికే రానివ్వకండి, కరిగిపోతుంది. ముడతలు పోవాలంటే స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి పట్టే బదులు, వెడల్పాటి హ్యాంగర్‌కి రెండు రోజులు వేలాడదీస్తే చాలావరకు సర్దుకుంటాయి. శానిటైజర్, స్పిరిట్, సెంటు నేరుగా తగలనివ్వకండి. బూట్ పాలిష్, తోలుకి రాసే నూనెలు దీనికి పనికిరావు. అసలు తోలు వాటిని పీల్చుకుంటుంది, ఈ పూత పీల్చుకోదు, పైన జిడ్డుగా నిలిచి దుమ్ముని పట్టుకుంటుంది. జిప్ బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్కని పళ్ల మీద రుద్దండి.

వానలో తడిస్తే కంగారు వద్దు, దులిపి, పొడిగుడ్డతో అద్ది, నీడలో వేలాడదీయండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి.

రిబ్ వదులైపోతే జాకెట్ పారేయకండి. ఆల్టరేషన్ దర్జీలు పాత పట్టీ తీసి కొత్తది వేస్తారు. పాత కుట్టు చిల్లుల్లోంచే కుట్టమని అడగండి, పక్కన కొత్త వరుస వేస్తే అక్కడ తెగుతుంది. పూత లేచినచోట మాత్రం ఏం అతికించినా ఎక్కువ రోజులు ఆగదు, రంగు పూస్తే రెండో వాడకానికే మళ్లీ పగులుతుంది.

విదేశాలకి తీసుకెళ్లేవాళ్లు

చదువుకి అమెరికా వెళ్లే పిల్లలు చాలామంది ఇక్కడి నుంచే ఒకటి కొనుక్కెళ్తారు. డాలస్‌లో నవంబర్‌కి ఇది చాలు, న్యూజెర్సీలో అక్టోబర్‌కి చాలు. మంచు పడే జనవరికి చాలదు, గడ్డకట్టే చలిలో పూత బిరుసెక్కి పగులుతుంది కూడా. కాబట్టి దీన్ని చలికోటు లెక్కలో వేసుకోకండి, దానికి డబ్బు వేరే పెట్టుకోండి. సూట్‌కేసులో మడిచి అడుగున పెట్టకుండా, చేతుల్లో మెత్తటి బట్టలు కూరి, అన్నిటికంటే పైన పరచండి. అంతకంటే విమానంలో వేసుకుని వెళ్లడం మేలు, బరువూ కలిసొస్తుంది, లోపల ఏసీకి పనికొస్తుంది.

చలికాలం అయిపోయాక

ఫిబ్రవరి చివర తుడిచి, ఒక రోజంతా నీడలో ఆరనిచ్చి, భుజాలు వెడల్పుగా ఉన్న హ్యాంగర్‌కి తగిలించండి. సన్నటి తీగ హ్యాంగర్ భుజాల్లో గుంటలు పెడుతుంది. జిప్ పెట్టి, పాత నూలు దిండు గలీబుకి పైన చిల్లు చేసి దాన్ని ముసుగులా తొడగండి, గాలి ఆడుతుంది. జేబుల్లో షూ డబ్బాలతో వచ్చే సిలికా పొట్లాలు రెండేసి వేయండి. కలరా ఉండలు జాకెట్‌కి తగిలేలా పెట్టకండి, ప్లాస్టిక్‌కి వాటి పొగ మంచిది కాదు, ఆ వాసన కూడా రిబ్‌లోంచి పోదు. పక్క బట్టలతో ఒరుసుకోకుండా నాలుగు వేళ్ల జాగా వదలండి.

తర్వాత వానాకాలం మొదలైనప్పుడు ఒకసారి, దసరా ముందు బీరువా సర్దేటప్పుడు ఒకసారి బయటికి తీసి, సగం రోజు ఫ్యాన్ కింద వేలాడదీసి, సిలికా పొట్లాలు మార్చి మళ్లీ లోపల పెట్టండి. తీసినప్పుడు మెడ మడత, భుజం, మోచేయి వేలితో ఒకసారి తడిమి చూడండి.